ఎలుకకు వాంతి రాదు

యానాంలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఈ ఊరి ఫరంపేటలోనే పుట్టి పెరిగిన మనిషిని అయినా, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాకు ఎలుకలమ్మాయి అని పేరు పడిపోయింది. జుట్టు నెరిసింది గానీ ఆ పేరులోని అమ్మాయి మాత్రం పోలేదు. మొన్న బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే, నేను నోరు తెరవకముందే డ్రైవరు, "ఎలుకలమ్మాయి గారి ఇల్లే కదండీ, నాకు తెలుసండీ" అన్నాడు. అతని వయసు నా సర్వీసంత కూడా ఉండదు. కోపం రాలేదు సరికదా, కాస్త గర్వంగానే అనిపించింది.

నేను పనిచేసిన పరీక్షాశాల కాకినాడ వెళ్ళే దారిలో ఉండేది. ఆకులు, వేర్లు, బెరళ్ళు, చూర్ణాలు, లేహ్యాలు, జనం ఇప్పటికే తాగుతున్నవీ, సీసాలో పోసి అమ్మాలని ఎవరో ఆశపడుతున్నవీ అక్కడికి వచ్చేవి. వాటిని తెల్ల ఎలుకలకు ఇచ్చి, వాటికి ఏమవుతుందో చూసి చెప్పడం నా ఉద్యోగం. మందు జబ్బును తగ్గిస్తుందా లేదా అనేది పక్క గది వాళ్ళ పని. తిన్నవాడిని చంపకుండా ఉంటుందా లేదా అనేది నా పని.

ఈ చదువు చదివిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఎక్కడ చేరితే మంచిది, ఎంత త్వరగా పైకి వెళ్ళొచ్చు అని అడుగుతారు. ఆ లెక్కలు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అందుకే వాళ్ళు అడగని సంగతులు నాలుగు ఇక్కడ రాస్తున్నాను.

మల్లెపూలు

నాకు పని నేర్పినది సత్యమూర్తి గారు. పొట్టి మనిషి, మాట తక్కువ. నేను చేరిన మొదటి వేసవిలో ఒకరోజు తలనిండా మల్లెపూలు పెట్టుకుని, ఎలుకల బోనులుండే యానిమల్ హౌస్‌లోకి వెళ్ళాను. ఆ రోజు ఒక్క ఎలుకా చేతికి రాలేదు. రోజూ బుద్ధిగా అరచేతిలో కూర్చునేవి బోను మూలలకు దూరి కీచుమంటున్నాయి. ఒకటి నా బొటనవేలు కొరికేసింది. మూర్తి గారు వచ్చి నా వేలు చూడలేదు, తల చూశారు.

"పూలు బయట పెట్టి రామ్మా. నువ్వెవరో వాటికి వాసనతోనే తెలుస్తుంది. ఇవాళ ఎవరో కొత్త మనిషి వచ్చిందనుకుంటున్నాయి."

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ పనిరోజున పూలు పెట్టలేదు, పౌడరు రాయలేదు. పెళ్ళికావలసిన పిల్ల అలా బోడి తలతో తిరుగుతుందేమిటని మా అమ్మ చాలా బాధపడింది. రిటైరైన మర్నాడు నేను చేసిన మొదటి పని బజారుకెళ్ళి మల్లెపూలు కొనుక్కోవడం.

ఇది చాదస్తం అనుకోకండి. బెదిరిన జంతువు తిండి మానేస్తుంది, బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదల మీరు పోసిన మందు ఖాతాలోకి పోతుంది. పాపం మల్లెపూలది, నింద ఆకుది అవుతుంది.

మూర్తి గారు పొద్దున్నే వచ్చి తూకం వైపు చూసేవారు కాదు. ముందు బోనుల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఒంట్లో బాగాలేని ఎలుక వీపు గూని చేసుకుని కూర్చుంటుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటాయి. కళ్ళ చుట్టూ ఎర్రగా కారి ఎండిపోతుంది. కొత్తవాళ్ళు అది చూసి రక్తమని కంగారుపడతారు. అది రక్తం కాదు, కష్టంలో ఉన్న ఎలుక కళ్ళ నుంచి వచ్చే స్రావం. బాగున్న ఎలుక మొహం కడుక్కుని దాన్ని తుడిచేసుకుంటుంది, ఓపిక లేనిది అలాగే వదిలేస్తుంది. ఇవన్నీ చూశాకే తూకం వెయ్యాలని ఆయన పద్ధతి, నాదీ అదే.

చంపడం గురించి కూడా దాచకుండా చెప్పాలి. పరీక్ష ముగిశాక లోపలి అవయవాలు చూడాలంటే జంతువును చంపక తప్పదు. నాకు ఏడుపు వచ్చేది. వచ్చినప్పుడు ఏడ్చాను గానీ చెయ్యి వణకనివ్వలేదు, వణికితే బాధపడేది అదే కదా. ఎన్ని జంతువులు కావాలో, ఎందుకు కావాలో కమిటీకి చెప్పి అనుమతి తీసుకోవాలనే నియమాన్ని విసుక్కునేవాళ్ళు మీకు చాలామంది తగులుతారు. వాళ్ళతో టీ తాగండి, వాళ్ళ మాట మాత్రం వినకండి.

మరీ బాగా పనిచేసే చూర్ణం

ఆకు మందంటే ఏమీ చెయ్యదులే అనే మాట నేను విన్నన్ని సార్లు యానాం బస్సు కండక్టరు కూడా "ముందుకు జరగండి" అని ఉండడు. గన్నేరూ ఆకే, ఉమ్మెత్తా ఆకే. ఆ సంగతి అన్నవాళ్ళకీ తెలుసు. అయినా సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ కనబడగానే మరిచిపోతారు.

ఒకసారి పక్క జిల్లా నుంచి సుగరు చూర్ణం వచ్చింది. తెచ్చినాయన ఎంతో వినయంగా, అంతా అడవి మూలికలేనని ప్రమాణాలు చేశాడు. చూర్ణం తాగిన ఎలుకలు మధ్యాహ్నానికల్లా నేలకు అతుక్కుపోయాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఒంట్లో సుగరు మరీ పడిపోయిందేమోనని అనుమానం వచ్చి గ్లూకోజు నీళ్ళు పోయిస్తే, కాసేపటికి లేచి ఏమీ ఎరగనట్టు మీసాలు దువ్వుకున్నాయి. మూలికల్లో ఎవరో ఇంగ్లీషు సుగరు బిళ్ళలు నూరి కలిపారు. తెచ్చినాయనను అడిగితే, "కాస్త వేగంగా పనిచెయ్యాలని కలిపేమండి, అంతే" అన్నాడు. ఆకు ఎప్పుడూ అంత గబగబా పనిచెయ్యదు. ఒకవేళ చేస్తే, పొగడ్త మొదలుపెట్టే ముందు అనుమానపడండి.

అగ్రహారం పసరు

ఇక అసలు సంగతికి వస్తాను. నా ఉద్యోగం మొత్తంలో నన్ను నిద్రపోనివ్వని కేసు ఇదొక్కటే, నేను చాలా గర్వపడేదీ ఇదే.

అగ్రహారంలో వెంకటరత్నం గారని కామెర్లకు పసరు ఇచ్చేవారు. మా నాన్న స్నేహితుడు, నాకు చిన్నప్పట్నుంచీ బాబాయి గారే. వాళ్ళ తాత నుంచి వచ్చిన మందు. ఆదివారం పొద్దున్నే, పరగడుపున, మాట్లాడకుండా తాగాలి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. పుచ్చుకుంటే మందు పనిచెయ్యదని వాళ్ళ నమ్మకం. ఆ ఆకు పేరు ఇక్కడ రాయను. రాస్తే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు కోసి రోట్లో వేస్తారు, మనవాళ్ళ సంగతి నాకు తెలుసు.

ఆయన కొడుకు శ్రీనుకి యానాంలో మెడికల్ షాపు ఉంది. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. తండ్రి పసరును సిరప్ చేసి సీసాలో పెట్టాలని వాడి కోరిక. అందుకు ప్రమాదం లేదని మా పరీక్షాశాల చెప్పాలి. బయట నన్ను అక్కా అని పిలిచేవాడు, ఆ రోజు పసరు క్యాను పట్టుకొచ్చి బల్లకు అవతల నిలబడి, "మేడమ్ గారూ, మా నాన్న పేరు నిలబెట్టాలండీ మీరు" అన్నాడు. ముందు అసలు పసరును పరీక్షించండి, సిరప్ తర్వాత తెస్తానన్నాడు.

అప్పటికి మూర్తి గారు రిటైరయ్యారు. పైన రామారావు గారు ఉన్నారు. తెలివైనవారే గానీ యానిమల్ హౌస్ వాసన ఆయనకు సరిపడేది కాదు. జంతువుల గురించి కాగితం మీదే చదివేవారు.

ఎలుకలకు మందు పొయ్యడానికి మొన దగ్గర చిన్న గుండు ఉన్న గొట్టం వాడతాం. నోట్లోంచి నేరుగా కడుపులోకి వెళుతుంది. వట్టి నీళ్ళు పోసిన ఎలుకలు హాయిగా ఉన్నాయి. పసరు పోసినవి మర్నాటికి గూనిగా కూర్చున్నాయి, కళ్ళు ఎర్రబారాయి. తర్వాత ఒక్కొక్కటే పోవడం మొదలుపెట్టాయి. కోసి చూస్తే లివరు పాలిపోయి మచ్చలు మచ్చలుగా ఉంది.

"గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోయుంటుంది" అన్నారు రామారావు గారు.

ఊపిరితిత్తులు తెరిచి చూపించాను. శుభ్రంగా ఉన్నాయి. మనిషి తాగే మోతాదుకు తగ్గట్టే ఇచ్చాను, అదీ చూపించాను.

"అయితే ఎలుకకు సరిపడని ఆకేమోనమ్మా. సగం యానాం ఆ పసరు తాగింది. ఎవరైనా చచ్చారా? ఎలుక తత్వం వేరు, మనుషులకు తరతరాలుగా అలవాటే అని రాసి పంపించెయ్."

ఆయన మాటలో అబద్ధం లేదు, అదే నా కష్టం. మనుషులు తాగి బాగానే ఉన్నారు. ఎలుకలు తాగి చచ్చిపోతున్నాయి. రెండూ కళ్ళెదుట ఉన్న నిజాలే. ఇలాంటప్పుడు రెంటిలో ఒకదాన్ని అబద్ధం అనేస్తే పని తేలిగ్గా అయిపోతుంది. పిల్లలూ, అలా మాత్రం అనకండి. ఆ రెంటి మధ్యా మీరు ఇంకా చూడని సంగతి ఏదో ఉంటుంది. నేను ఎలుకలను రోజూ చూస్తున్నాను, మనుషులు ఆ పసరు తాగుతుంటే ఎన్నడూ చూడలేదు. ఆ ఆదివారం అగ్రహారం వెళ్ళాను.

కక్కేవా?

నేను వెళ్ళేసరికి ఎండ ఇంకా కొబ్బరి మట్టల్లోనే ఉంది. బాబాయి గారి ముంగిట్లో జనం వరసగా కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఒక్కొక్కరే లేచి గ్లాసెడు పసరు గుటుక్కున మింగి, మొహం అదోలా పెట్టి, దొడ్లో కొబ్బరి చెట్ల వెనక్కి పరుగెత్తుతున్నారు. ఆ వెనక నుంచి వచ్చే చప్పుళ్ళు వర్ణించను. బాబాయి గారు చేతికర్ర పట్టుకుని చెట్ల మధ్య తిరుగుతూ, పెళ్ళిలో వడ్డన కనుక్కునే పెద్దమనిషిలా అందరినీ పలకరిస్తున్నారు.

"కక్కేవా?"

"ఆయ్, కక్కేనండి."

"బాగా?"

"పచ్చగా వచ్చేసిందండి బాబూ, పేగులు కూడా వచ్చేస్తాయనుకున్నాను."

"ఇంకేం, పైత్యం పోయింది. ఉప్పు లేకుండా చల్లన్నం తిను. నూనె ముట్టుకోకు."

కక్కు రానివాళ్ళ కోసం పక్కన ఉప్పునీళ్ళ బిందె సిద్ధంగా ఉంది. ఆ బిందె చూశాక నాకు సంగతి అర్థమైంది.

ఎలుకకు వాంతి రాదు. మా చదువులో మొదట్లోనే చెబుతారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోనివాళ్ళు మా పరీక్షాశాలలో ఎవరూ లేరు. కానీ తాగినవాళ్ళు ఆ పసరును కడుపులో నిలుపుకోరని మాలో ఎవరికీ తెలియదు. ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి గనక శ్రీను చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. జనం బతుకుతున్నది మందు బయటకు పోవడం వల్ల. ఆ తర్వాత విశ్రాంతి, పథ్యం. చాలామందికి కామెర్లు అలా వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది.

ఈ మాట శ్రీనుతో చెబుదామని ఇంటి పక్కవైపుకు వెళ్ళాను. అరుగు మీద వాడి భార్య దుర్గ కూర్చుని ఉంది. చేతిలో నిండు గ్లాసు. పక్కన సీసా, కిటికీ మీద బిళ్ళల అట్ట. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసి నవ్వింది. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి.

"ఏంటి దుర్గా, ఆ కళ్ళేంటి?"

"కామెర్లు వదినగారూ. ఇదిగో, మావయ్యగారి మందేనండి. ఈయన తియ్యగా చేసేరు."

శ్రీను గుమ్మంలోంచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఆ కక్కే గోల ఉండదక్కా దీనికి. ముందు వాంతులు ఆగే బిళ్ళ ఏసుకుంటే చాలు, మందు చుక్క కూడా బయటికి రాదు. ఈ రోజుల్లో కక్కుకోవడం ఎవరికిష్టం చెప్పు? నేనూ ఓసారి తాగేను, ఏం కాలేదు."

"బిళ్ళ వేసుకుందా?"

"ఆయ్, ఇందాకే" అంది దుర్గ.

శ్రీను ఆరోగ్యంగా ఉండి ఒకసారి తాగాడు. ఈ పిల్లకు లివరు ముందే దెబ్బతిని ఉంది. యానిమల్ హౌస్‌లో గూనిగా కూర్చున్న ఎలుకలే నా కళ్ళ ముందు కనబడ్డాయి.

"ఆ గ్లాసు కింద పెట్టు దుర్గా."

"ఏంటక్కా నువ్వు!" శ్రీను గొంతు లేచింది. "ఇంటికొచ్చి ఇంటి మందు తాగొద్దంటావేంటి? పరీక్ష నీకిచ్చింది ఎలుకల మీద చెయ్యమని, మా ఇంట్లోవాళ్ళ మీద కాదు."

ఆ కేకలకు బాబాయి గారు వచ్చారు. ఆయన వెనకే పసరు తాగిన జనం, తాగాల్సిన జనం. అందరిముందూ చెప్పక తప్పలేదు.

"బాబాయి గారూ, మీ పసరు పోసిన ఎలుకలు చచ్చిపోయాయండీ."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "మా తాత ఇచ్చేడు. మా నాన్న ఇచ్చేడు. ఒక్క ప్రాణం పోలేదు ఈ గుమ్మంలో. నీ ఎలుకలు పోతే తప్పు నాదా అమ్మాయ్?" అని కర్ర నేలకు కొట్టారు. అంతలోనే పొద్దుటి నుంచీ అందరినీ అడుగుతున్న ప్రశ్నే అలవాటుగా అడిగారు.

"కక్కేయా అవి?"

"ఎలుకకు వాంతి రాదు బాబాయి గారూ. దానికి ఆ దారే లేదు. లోపలికి పోయింది లోపలే ఉండిపోవాలి."

ఆయన కిటికీ మీది అట్టను చూశారు. "ఏంట్రా ఆ బిళ్ళ?"

"కక్కు రాకుండా నాన్నా."

"ఏసుకుందా?"

శ్రీను తల వంచుకున్నాడు. అప్పటికి వాడికీ అర్థమైంది.

బాబాయి గారి మూడు తరాల పేరు ఆ ముంగిట్లో జనం కళ్ళ ముందు ఉంది, కోడలి ప్రాణం ఆ గ్లాసులో ఉంది. మెల్లగా వంగి దుర్గ చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. దాన్ని కొబ్బరి చెట్టు మొదట్లో పారబోసి, గ్లాసు నా చేతికిచ్చారు.

"ఆటో పిలవరా. ఆసుపత్రికి తీసుకెళ్ళు" అన్నారు కొడుకుతో. జనం వైపు తిరిగి, "ఇవాళ్టికి ఇళ్ళకెళ్ళండి" అన్నారు.

రాసిన మాట

దుర్గకు తగ్గింది. కొన్నాళ్ళు ఆసుపత్రికి తిరిగింది, మంచం మీద ఉంది, లేచింది. ఇప్పుడు మెడికల్ షాపులో కౌంటరు దగ్గర కూర్చునేది ఆవిడే. ఎవరైనా వాంతుల బిళ్ళ అడిగితే, పసరు గానీ తాగబోతున్నారా అని అడగనిదే ఇవ్వదు. కొందరు విసుక్కుంటారు. ఆవిడ పట్టించుకోదు.

నేను చూసింది చూసినట్టు రాశాను. ఈ జంతువుకు మందును కక్కడం రాదు, మనుషులు కక్కేస్తున్నారు, కడుపులో నిలిచేలా చేసిన ఏ రూపంలోనూ ఇది క్షేమం అనడానికి వీల్లేదు అని రాశాను. రామారావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆదివారం ఎవరో కక్కుకోవడం చూసొచ్చానని రాస్తావా? మనది పరీక్షాశాలమ్మా."

"తరతరాల అలవాటు అని మీరు రాయమన్నదీ ఆ ఊరి మాటే కదండీ. ఆ అలవాటేంటో నేను సగం వదలకుండా రాశాను. మీకు కావలసిన వాక్యం మీ సంతకంతో రాసుకోండి, నేను పెట్టను."

ఆయన పెట్టలేదు. నాలుగు నెలలు నాతో ముభావంగా ఉన్నారు. ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్ళకు ఈ కేసును ఆయనే పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు, అందులో అగ్రహారం వెళ్ళమన్నది తానేనని కూడా కలిపారు. నేను దిద్దలేదు. కథ సరిగ్గా చెబుతున్నంతకాలం ఎవరు వెళ్ళమన్నారనేది నాకు ముఖ్యం కాదు. శ్రీను మాత్రం చాలాకాలం నన్ను చూసి పక్క వీధిలోకి తిరిగేవాడు. ఇప్పుడు అక్కా అంటాడు.

వీటన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది మరొకటి. ఆ గొడవ జరిగిన వారంలోనే ఒక మధ్యాహ్నం బాబాయి గారు పరీక్షాశాలకు వచ్చారు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, చేతికర్ర.

"నీ ఎలుకల్ని చూడాలమ్మాయ్" అన్నారు.

లోపలికి ఎవరినీ రానివ్వం. అద్దం కిటికీ దగ్గర కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. బోనులో ఒక ఎలుక ముందుకాళ్ళతో మొహం కడుక్కుంటోంది. ఆయన అద్దానికి దగ్గరగా వంగి దాన్ని చూస్తూ ఉండిపోయారు.

"మింగేక ఇంక దీనికి దారి లేదన్నమాట."

"లేదండీ."

"కక్కేవా అని అడిగే పనే లేదన్నమాట." "మా నాన్న నన్నెప్పుడూ బిందె నిండా ఉప్పునీళ్ళు కలిపి పెట్టుకున్నాకే గ్లాసు ముట్టుకోమనేవాడు. పైత్యం పోడానికనుకున్నాను. ఆయనా అదే అనుకున్నాడు." ఆ గొంతులో కోపం లేదు.

తర్వాతి ఆదివారం నేను కావాలనే అగ్రహారం వెళ్ళాను. ముంగిట్లో జనం ఎప్పట్లాగే ఉన్నారు. గ్లాసులన్నీ అరుగు మీద బోర్లించి ఉన్నాయి. బాబాయి గారు ఒక్కొక్కరి కంటిరెప్ప లాగి చూసి, "ముందు ఆసుపత్రికెళ్ళి రక్తం చూపించుకురా. పథ్యం నేను చెప్తాను" అంటున్నారు. కొందరు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన మాత్రం కదలకుండా కూర్చున్నాడు.

"అదేంటండీ, మీ తాతల నాటి మందు. ఇన్నాళ్ళూ ఇచ్చి ఇప్పుడు ఆపేస్తారేంటి?"

బాబాయి గారు గేటు దగ్గర నిలబడ్డ నన్ను చూశారు. కర్ర ఎత్తి నా వైపు చూపించారు.

"మా తాతల కాలంలో ఎలుకలమ్మాయి లేదురా!"